మొండి బాకీ కేసును ఆన్‌లైన్‌లో నడిపించుకోవడం ఎలా

విజయవాడ ఆటోనగర్‌లో లేత్ వర్క్‌షాపు అయినా, గుంటూరు మిర్చియార్డు చుట్టుపక్కల కారం మిల్లు అయినా, గొల్లపూడి హోల్‌సేల్ మార్కెట్‌లో కొట్టు అయినా అరువు ఇవ్వకుండా నడవదు. సరుకు వెళ్తుంది, బిల్లు వెళ్తుంది, ఆ బిల్లు మీద జీఎస్టీ మన జేబులోంచే కట్టేస్తాం. డబ్బు మాత్రం ఇదిగో అదిగో అంటూ ఏడాది దాటుతుంది. ఇలాంటి వ్యాపారుల పుస్తకాలు రాసే పనిలో ఉన్నాను కాబట్టి చెబుతున్నాను, చాలా బాకీలు గడువు తేదీలు దాటిపోవడం వల్లే పోతున్నాయి. పార్టీ దగ్గర డబ్బుంది, మన దగ్గర బిల్లుంది, కానీ నోటీసు పది రోజులు ఆలస్యంగా వెళ్ళింది. లేదా మూడేళ్ళు దాటాక గుర్తొచ్చింది. అక్కడితో సరి.

ఇప్పుడు ఫిర్యాదు వేయడం, కాగితాలు ఎక్కించడం, వాయిదా తేదీ చూసుకోవడం, ఉత్తర్వు దించుకోవడం చాలావరకు ఫోన్లోనో కంప్యూటర్లోనో అయిపోతున్నాయి. అయితే ఏ పోర్టలూ మీ గడువును మీకు గుర్తు చేయదు, మీ దగ్గర లేని కాగితాన్ని పుట్టించదు. ఆ రెండూ మీరే చూసుకోవాలి. అందుకే పోర్టల్ తెరవక ముందు చేయాల్సిన పనులతోనే మొదలుపెడుతున్నాను.

మొదటి పని: బాకీకి కాలదోషం పట్టిందేమో చూడండి

సరుకు బాకీకైనా, ప్రోనోటుకైనా దావా వేయడానికి మామూలుగా మూడేళ్ళ గడువు. సరుకు బాకీలో గడువు ఎక్కడి నుంచి లెక్కపెట్టాలో చాలామంది పొరబడతారు. అరువు ఇన్ని రోజులని మాట్లాడుకోకుండా సరుకు ఇచ్చి ఉంటే, సరుకు అందిన రోజు నుంచి లెక్క. అరవై రోజుల అరువు అని బిల్లు మీద రాసి ఉంటే, ఆ అరవై రోజులు ముగిశాక లెక్క మొదలవుతుంది. పార్టీ ఒకటే అయినా ఒక్కో బిల్లుకు తేదీ వేరుగా చూసుకోవాలి. ఖాతాలో మొత్తం నిల్వ చూసి ఊరుకుంటే, అందులో పాత బిల్లులు ఎప్పుడో గడువు దాటిపోయి ఉండొచ్చు.

గడువు ముగియక ముందే పార్టీ బాకీని ఒప్పుకుంటూ రాసి సంతకం పెడితే, ఆ రోజు నుంచి మళ్ళీ మూడేళ్ళు మొదలవుతాయి. 1963 నాటి లిమిటేషన్ చట్టంలో 18వ సెక్షన్ ఇదే చెబుతుంది. కొంత డబ్బు కట్టినా అంతే, కాకపోతే ఆ కట్టినట్టు అతని చేతిరాతో సంతకమో ఉండాలి. ప్రోనోటు వెనక చెల్లు రాయించుకోవడం మన పెద్దవాళ్ళు ఎందుకంత పట్టుదలగా చేసేవారో ఇక్కడ తెలుస్తుంది. నోటు రాసి రెండేళ్ళ పదకొండు నెలలు అయినప్పుడు వెయ్యి రూపాయలు కట్టించి చెల్లు వేయించుకుంటే చాలు, ఆ నోటుకు ఇంకో మూడేళ్ళు ప్రాణం ఉంటుంది. గడువు దాటాక చెల్లు వేయించుకుంటే ఈ ఫలితం రాదు.

సరుకు బాకీలకు చెల్లు లాంటిది నిల్వ ధ్రువీకరణ పత్రం. ప్రతి మార్చి నెలాఖరుకీ అందరు పార్టీలకూ పంపండి, మంచివాళ్ళకూ మొండివాళ్ళకూ తేడా లేకుండా. అందరికీ పంపేటప్పుడు ఎవరూ తప్పు పట్టరు, ఆడిటర్ అడిగాడంటే సంతకం పెట్టి ఇచ్చేస్తారు. ఇలా రాస్తే సరిపోతుంది:

"31-03-2025 నాటికి మా సంస్థ మీకు చెల్లించవలసిన నిల్వ రూ. 3,80,000 (అక్షరాలా మూడు లక్షల ఎనభై వేల రూపాయలు) అని మా పుస్తకాలతో సరిచూసుకుని ధ్రువీకరిస్తున్నాము. తేదీ, యజమాని లేదా భాగస్వామి సంతకం, సంస్థ ముద్ర."

సంతకం పెట్టిన తేదీ తప్పకుండా ఉండాలి. గుమస్తా సంతకం కంటే యజమాని సంతకం చాలా మేలు. వాట్సాప్‌లో "అన్నా, సంక్రాంతి అయ్యాక సర్దేస్తా" అని వచ్చిన మెసేజి కూడా పారేయకండి. అది బాకీ ఉందనడానికి పనికొస్తుంది. సంతకం పెట్టిన కాగితంతో సమానంగా కోర్టు చూస్తుందని మాత్రం దాని మీద భరోసా పెట్టుకోవద్దు. మెసేజి వచ్చిన రోజే "సరే తమ్ముడూ, ఈ కాగితం మీద సంతకం పెట్టి ఫొటో పంపు, అసలుది కొరియర్లో పడేయ్" అని అడగండి. మాట మెత్తగా ఉన్నప్పుడే కాగితం దొరుకుతుంది.

రెండో పని: ఫైలు కట్టడం

ఒక్కో పార్టీకి కంప్యూటర్లో ఒక ఫోల్డరు తెరవండి. అందులో ఒక్కో బిల్లుకు విడిగా ఒక పీడీఎఫ్ చేయండి. ఆ పీడీఎఫ్‌లో వరసగా ఆర్డరు కాగితం, బిల్లు, ఈ-వే బిల్లు, లారీ రసీదు, సరుకు అందినట్టు వాళ్ళ ముద్రా సంతకమూ ఉన్న డెలివరీ చలానా ఉండాలి. ఫైలు పేరు ముందు తేదీ, తర్వాత బిల్లు నంబరు పెట్టండి: "2024-06-12 బిల్లు 418" అన్నట్టు. సంవత్సరం ముందు వస్తే కంప్యూటరు వాటంతట అవే వరసలో పెడుతుంది. రేపు లాయరు అడిగినా, పోర్టల్ అడిగినా వెతుక్కోవక్కర్లేదు.

ఎక్కువ కేసుల్లో దొరకనిది డెలివరీ చలానా మీద సంతకం. డ్రైవరు తెచ్చి ఇచ్చాడా లేదా అని ఎవరూ పట్టించుకోరు. సంతకం లేని చలానాలకు ఈ-వే బిల్లు చాలా వరకు ఆదుకుంటుంది. యాభై వేలు దాటిన సరుకు కదలికకు అది ఎలాగూ ఉంటుంది కదా. ఆ బిల్లు మీద పార్టీ జీఎస్టీ ఐటీసీ (కొన్నప్పుడు కట్టిన పన్నును తను కట్టాల్సిన పన్నులోంచి తగ్గించుకోవడం) వాడుకున్నాడంటే సరుకు రాలేదని తర్వాత అనడం కష్టం. పైగా బిల్లు తేదీ నుంచి 180 రోజుల్లో మనకు డబ్బు కట్టకపోతే ఆ ఐటీసీని వడ్డీతో సహా అతను వెనక్కి కట్టాలి. నోటీసులో ఈ ఒక్క వాక్యం మర్యాదగా రాస్తే, ఫోన్ ఎత్తని పార్టీ ఆడిటర్ దగ్గరికి పరిగెడతాడు.

బ్యాంకు స్టేట్‌మెంటు తీసి, అతను కట్టిన ప్రతి మొత్తాన్నీ ఏ బిల్లుకు జమ చేశారో ఖాతా పద్దుతో కలిపి చూడండి. మన లెక్కలో పదివేలు తేడా ఉంటే, అతని లాయరు ఆ పదివేలే పట్టుకుని కేసు మొత్తాన్ని అనుమానంలో పడేస్తాడు. వాట్సాప్, ఈమెయిలు సాక్ష్యాలకు 2024 జులై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ సాక్ష్య అధినియమ్ 63వ సెక్షన్ కింద సర్టిఫికెట్టు జతచేయాలి. అది లాయరు చూసుకుంటాడు. మీరు చేయాల్సింది ఆ మెసేజీలున్న ఫోన్ అమ్మేయకుండా, రీసెట్ కొట్టకుండా దాచడం.

ఇక తేదీల పట్టీ. గూగుల్ షీట్ చాలు, డబ్బు పెట్టి సాఫ్ట్‌వేర్ కొననక్కర్లేదు. వరసకు ఒక కేసు: పార్టీ పేరు, బిల్లు నంబరు, మొత్తం, మూడేళ్ళు ముగిసే తేదీ, చివరిగా సంతకం పెట్టిన తేదీ, చెక్కు తిరిగొచ్చిన తేదీ, నోటీసు పంపిన తేదీ, అందిన తేదీ, కేసు వేయాల్సిన చివరి తేదీ, పోర్టల్‌లో దరఖాస్తు నంబరు, కోర్టులో సీఎన్ఆర్ నంబరు (కేసు గుర్తింపు సంఖ్య), వచ్చే వాయిదా. చివరి తేదీ గడికి పదిహేను రోజుల ముందు ఫోన్లో అలారం పెట్టుకోండి. సోమవారం పొద్దున కొట్టు తెరవగానే ఈ పట్టీ చూడటం అలవాటు చేసుకోండి. లాయరుకీ, లెక్కలు రాసే అబ్బాయికీ చూడటానికి మాత్రమే అనుమతి ఇవ్వండి, మార్చే హక్కు ఒకరి దగ్గరే ఉండాలి.

మూడో పని: ఎక్కడ వేయాలో తేల్చుకోండి

చేతిలో తిరిగొచ్చిన చెక్కు ఉందా, మీది ఉద్యమ్ (చిన్న సంస్థలను నమోదు చేసే కేంద్ర ప్రభుత్వ పోర్టల్) రిజిస్ట్రేషన్ ఉన్న సూక్ష్మ లేదా చిన్న పరిశ్రమా, లేక వట్టి బిల్లులేనా? దీన్నిబట్టి దారి మారుతుంది.

తయారీ చేసేవాళ్ళకూ, సర్వీసు ఇచ్చేవాళ్ళకూ 2006 నాటి ఎంఎస్ఎంఈడీ చట్టం (సూక్ష్మ, చిన్న, మధ్యతరహా సంస్థల చట్టం) పెద్ద అండ. ఒప్పందం రాసుకున్నా సరే 45 రోజులకు మించి అరువు పెట్టడానికి కొనేవాడికి వీల్లేదు. ఒప్పందం లేకపోతే 15 రోజులే. దాటితే ఆర్‌బీఐ బ్యాంకు రేటుకు మూడింతల వడ్డీ, అదీ నెలనెలా చక్రవడ్డీ. 2023 ఫిబ్రవరి నుంచి 2025 ఫిబ్రవరి దాకా బ్యాంకు రేటు 6.75 శాతం, అంటే వడ్డీ 20.25 శాతం. 3,80,000 బాకీ మీద 2024లో ఒక్క ఏడాదికే దాదాపు 84,500 వడ్డీ అయింది. ఈ లెక్క కాగితం మీద వేసి చూపిస్తే అసలు ఇచ్చేసి వడ్డీ తగ్గించమని అడిగే పార్టీలే ఎక్కువ. ఇంకో మాట. "సరుకు బాగాలేదు, అందుకే ఆపాం" అనే సాకు చెప్పాలంటే, సరుకు అందిన 15 రోజుల్లోపు రాతపూర్వకంగా అభ్యంతరం చెప్పి ఉండాలి. ఏడాది తర్వాత నోటితో అంటే ఈ చట్టం కింద చెల్లదు.

సరుకు కొని అమ్మే వ్యాపారులు ఇక్కడ జాగ్రత్తగా వినండి. 2021 జులైలో హోల్‌సేల్, రీటైల్ వ్యాపారాలకూ ఉద్యమ్ రిజిస్ట్రేషన్ ఇచ్చారు గానీ, అది బ్యాంకు రుణాల్లో ప్రాధాన్యం కోసమే. ఆలస్యపు చెల్లింపుల మీద ఫిర్యాదు చేసే హక్కు దాంతో రాదు. అంటే యార్డులో మిర్చి కొని అమ్మే వ్యాపారికి ఈ దారి లేదు. అదే మిర్చిని ఆడించి కారం చేసి ప్యాకెట్లలో అమ్మే మిల్లుకు ఉంది. సర్టిఫికెట్టు మీద మీ పని తయారీ అనో, సర్వీసు అనో సరిగ్గా ఉందా అని ఇవాళే తీసి చూడండి.

రిజిస్ట్రేషన్ సరుకు పంపే నాటికే ఉండాలి. సరుకు ఇచ్చేశాక తీసుకున్న రిజిస్ట్రేషన్ వెనకటి సరఫరాలకు పనికిరాదని 2022లో మహాకాళీ ఫుడ్స్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. 2025 జనవరిలో ఈ విషయం పెద్ద ధర్మాసనానికి వెళ్ళిన మాట నిజమే, దాన్ని నమ్ముకుని మాత్రం కూర్చోవద్దు. ఉద్యమ్ రిజిస్ట్రేషన్‌కు రుసుము లేదు, ఆధార్, పాన్ ఉంటే ఇంట్లో కూర్చుని చేసుకోవచ్చు.

పోర్టల్‌లో ఎలా వేయాలంటే, ఆలస్యపు చెల్లింపుల ఫిర్యాదులకు 2017 నుంచి ఉన్నది సమాధాన్ పోర్టల్. 2025 జూన్ 27న కేంద్రం ఓడీఆర్ (ఆన్‌లైన్‌లో వివాద పరిష్కారం) పోర్టల్ కూడా మొదలుపెట్టింది. ఇందులో మొదట ఇద్దరూ ఆన్‌లైన్‌లోనే బేరం మాట్లాడుకునే ఏర్పాటు ఉంది, కుదరకపోతే రాజీ ప్రయత్నం, ఆ తర్వాత ఆర్బిట్రేషన్, అంటే కోర్టు బయట ఇచ్చే తీర్పు (ఆ తీర్పునే అవార్డు అంటారు). సమాధాన్ తెరిచినప్పుడు కొత్త దరఖాస్తును ఓడీఆర్‌కు మళ్ళిస్తే అక్కడే వేయండి. ఉద్యమ్ నంబరు, దానికి తగిలించిన ఫోనుకు వచ్చే ఓటీపీతో లోపలికి వెళ్తారు. ఎప్పుడో కొడుకు నంబరో, సైబర్ కేఫ్ కుర్రాడి నంబరో ఇచ్చి ఉంటే ముందు అది మార్పించుకోవాలి. ఆటోనగర్‌లో చాలా దరఖాస్తులు ఆగేది సరిగ్గా ఇక్కడే.

తర్వాత పార్టీ వివరాలు. దుకాణం బోర్డు మీద ఉన్న పేరు వేయకండి. జీఎస్టీ నంబరు పెట్టి వెతికితే చట్టబద్ధమైన పేరు, వ్యాపారం పేరు రెండూ వస్తాయి. యజమాని ఒక్కడేనా, భాగస్వామ్యమా, ప్రైవేట్ లిమిటెడ్ కంపెనీయా అన్నది అక్కడే తెలుస్తుంది. కంపెనీ మీద వేయాల్సిన కేసు మనిషి పేరున వేస్తే చివరికి వచ్చే అవార్డు ఎవరి మీదా అమలు కాదు. బిల్లులు ఒక్కొక్కటిగా నంబరు, తేదీ, మొత్తం, అందులో వచ్చింది ఎంత, రావాల్సింది ఎంత అని నింపాలి. మీ ఫోల్డరు సరిగ్గా ఉంటే ఇదంతా ఒక పూట పని. ఆఖర్న వచ్చే దరఖాస్తు నంబరు వెంటనే పట్టీలోకి ఎక్కించి, ఆ పేజీని పీడీఎఫ్‌గా దాచండి.

ఈ చట్టంలో చిన్నవాడికి చాలా ధైర్యమిచ్చే సంగతి ఒకటుంది. పార్టీ దేశంలో ఎక్కడున్నా, సరుకు అమ్మిన మీరు ఉన్న చోటి ఫెసిలిటేషన్ కౌన్సిలే (ఈ చట్టం కింద రాష్ట్రం పెట్టిన మండలి) కేసు వింటుంది. ఇండోర్ వ్యాపారి కోసం మీరు ఇండోర్ వెళ్ళనక్కర్లేదు. అవార్డు మీకు అనుకూలంగా వచ్చాక అతను కోర్టులో సవాలు చేయాలంటే ముందు ఆ మొత్తంలో 75 శాతం డిపాజిట్ కట్టాలి. రెఫరెన్సు (మీ ఫిర్యాదు) వచ్చిన 90 రోజుల్లో తేల్చాలని చట్టం అంటుంది. నిజానికి అంతకంటే చాలా ఎక్కువే పడుతుందని తెలుసుకుని దిగండి. మూడేళ్ళు దాటిన బాకీని కూడా కౌన్సిల్ ముందు రాజీకి పెట్టవచ్చు గానీ, ఆర్బిట్రేషన్ దాకా వెళ్తే లిమిటేషన్ వర్తిస్తుందని 2025 జులైలో సుప్రీంకోర్టు స్పష్టం చేసింది. కాబట్టి మొదటి పని ఇక్కడా తప్పదు.

నాలుగో పని: చెక్కు తిరిగొస్తే క్యాలెండరు ముందు పెట్టుకోండి

చెక్కు కేసులో గడువులు చాలా బిగువు. చెక్కు తేదీ నుంచి మూడు నెలల్లో బ్యాంకులో వేయాలి. చెల్లలేదని బ్యాంకు మెమో అందిన 30 రోజుల్లో రాతపూర్వక నోటీసు పంపాలి. నోటీసు అందాక పార్టీకి 15 రోజులు ఇవ్వాలి. అప్పటికీ కట్టకపోతే ఆ తర్వాత నెలలోపు కోర్టులో ఫిర్యాదు వేయాలి.

ఒక లెక్క వేసి చూద్దాం. మెమో ఫిబ్రవరి 10న అందింది, లీపు సంవత్సరం కాదనుకోండి. నోటీసుకు చివరి రోజు మార్చి 12. మీరు మార్చి 3న పంపారు, అతనికి 6న అందింది. అతని 15 రోజులు మార్చి 21తో అయిపోతాయి. ఫిర్యాదు వేసే హక్కు 22న మొదలవుతుంది. ఏప్రిల్ 21 దాటకుండా వేసేయండి. అంతకంటే నాలుగు రోజులు ముందే వేస్తే మరీ మంచిది, ఈ-ఫైలింగ్‌లో లోపాలు చూపి తిప్పి పంపితే సరిచేసుకునే వ్యవధి ఉంటుంది. మార్చి 21 లోపు వేస్తే కూడా తప్పే, అది గడువుకు ముందే వేసిన ఫిర్యాదు అవుతుంది.

నోటీసులో అడిగే మొత్తం చెక్కు మీద ఉన్న మొత్తమే అయి ఉండాలి. 2025 సెప్టెంబరులో కావేరీ ప్లాస్టిక్స్ కేసులో, చెక్కు మొత్తం ఒకటై నోటీసులో అడిగింది ఇంకొకటైతే ఆ నోటీసే చెల్లదని సుప్రీంకోర్టు తేల్చింది. టైపింగ్ పొరపాటు అన్నా వినలేదు. లాయరు గుమస్తా పంపిన డ్రాఫ్టులో అంకెలూ అక్షరాలూ చెక్కు పక్కన పెట్టుకుని మీరే ఒకసారి చదవండి. చెక్కు ఇచ్చాక పార్టీ కొంత డబ్బు కట్టి ఉంటే, ఆ మొత్తాన్ని చెక్కు మీద రాయించి మిగిలినదానికే బ్యాంకులో వేయాలి. మొత్తం చెక్కు వేసేస్తే, వేసిన రోజుకి అంత బాకీ లేదు కదా అని కేసు పడిపోతుంది.

నోటీసు స్పీడ్‌పోస్టులో పంపి, తపాలా శాఖ ట్రాకింగ్ పేజీ అందిన రోజే పీడీఎఫ్ చేసి పెట్టుకోండి. నెలలు గడిచాక చూద్దామంటే ఆ పేజీ ఉండకపోవచ్చు.

కేసు ఏ ఊళ్ళో వేయాలన్నదీ మీకే అనుకూలం. చెక్కు కేసులకు ఆధారమైన నెగోషియబుల్ ఇన్‌స్ట్రుమెంట్స్ చట్టానికి 2015లో వచ్చిన సవరణ తర్వాత, మీరు చెక్కు వేసిన మీ ఖాతా ఏ బ్రాంచిలో ఉందో ఆ ఊరి కోర్టుకే అధికారం. గుంటూరు బ్రాంచిలో ఖాతా ఉంటే నాగపూర్ వ్యాపారి గుంటూరు రావాల్సిందే. కేసు నడుస్తుండగా, ముద్దాయి నేరం ఒప్పుకోనని చెప్పాక, చెక్కు మొత్తంలో 20 శాతం దాకా మధ్యంతర పరిహారం ఇప్పించమని అదే చట్టం 143ఎ సెక్షన్ కింద అడగవచ్చు. ఇవ్వాలా వద్దా అన్నది మేజిస్ట్రేటు ఇష్టం, కానీ అడగకపోతే ఎవరూ ఇవ్వరు. చాలా ఫైళ్ళలో ఆ దరఖాస్తే కనపడదు. మీ లాయరును గుర్తు చేసి అడగండి.

చెక్కూ లేదు, ఉద్యమ్ దారీ లేదు అంటే సివిల్ దావా. వ్యాపార లావాదేవీకి సంబంధించి మూడు లక్షలు, ఆపైన బాకీ అయితే అది కమర్షియల్ కోర్టు వ్యవహారం. అత్యవసరంగా ఇంజంక్షనో జప్తో కావాలంటే తప్ప, ముందు జిల్లా న్యాయసేవాధికార సంస్థ ద్వారా మధ్యవర్తిత్వానికి వెళ్ళి రావాలి, ఆ మెట్టు ఎక్కకుండా వేసిన దావాను కోర్టు తిరస్కరిస్తుంది. మధ్యవర్తిత్వంలో గడిచిన కాలాన్ని మూడేళ్ళ లెక్కలోంచి తీసేస్తారు. చిన్న బాకీలకు నా సలహా మాత్రం లోక్ అదాలత్. కోర్టులో కేసు లేకుండానే దరఖాస్తు పెట్టుకోవచ్చు, అక్కడ కుదిరిన రాజీ డిక్రీతో సమానం, దాని మీద అప్పీలు ఉండదు.

ఐదో పని: కోర్టులో పడ్డాక వెంట ఉండటం

కేసు రిజిస్టరు కాగానే పదహారు అక్షరాలూ అంకెలూ కలిసిన సీఎన్ఆర్ నంబరు వస్తుంది. మొదటి రెండక్షరాలు రాష్ట్రం, తర్వాతి రెండు జిల్లా, చివరి నాలుగంకెలు సంవత్సరం. లాయరు దగ్గర ఫీజు రసీదు కంటే ముందు ఈ నంబరు అడిగి తీసుకోండి. కేసు నంబరు కోర్టు మారితే మారొచ్చు, కేసును వెతకడానికి సీఎన్ఆరే నమ్మకమైన ఆధారం.

ఈ-కోర్ట్స్ సర్వీసెస్ యాప్ ఉచితం. సీఎన్ఆర్ కొట్టి కేసు తెరిచాక, సేవ్ చేసుకుంటే మై కేసెస్‌లో కూర్చుంటుంది. ఇలా దాచినవి మీ ఫోన్లోనే ఉంటాయి, ఫోన్ మార్చేటప్పుడు యాప్‌లోనే ఎక్స్‌పోర్ట్ చేసి కొత్త ఫోన్లోకి ఇంపోర్ట్ చేసుకోవాలి. సీఎన్ఆర్ దొరక్కపోతే పార్టీ పేరుతో, సంవత్సరంతో వెతకండి. పేరు ఇంగ్లీషులో ఎలా రాశారో చెప్పలేం కాబట్టి, మొదటి మూడు నాలుగు అక్షరాలే కొట్టి చూడండి. విజయవాడ కోర్టులు ఎన్టీఆర్ జిల్లా పేరుతో కనపడకపోతే కృష్ణా కింద, నరసరావుపేట, తెనాలి, బాపట్ల కోర్టులకు గుంటూరు కింద చూడండి. 2022 ఏప్రిల్‌లో జిల్లాలు విడిపోయినా, కోర్టుల విభజనను వాటితో ముడిపెట్టి చూస్తే తికమక పడతారు.

కేసు పేజీలో అందరూ చూసేది వచ్చే వాయిదా ఒక్కటే. దాని కింద కేస్ హిస్టరీ ఉంటుంది, ఒక్కో పాత వాయిదా తేదీ మీద నొక్కితే ఆ రోజు కోర్టులో ఏం జరిగిందో రెండు లైన్లలో రాసి ఉంటుంది. అసలు చదవాల్సింది అదే. సమన్లు తిరిగొచ్చాయా, చిరునామా తప్పన్నారా, ముద్దాయి వచ్చాడా, మనవైపు ఎవరూ రాలేదా అన్నీ అక్కడ తెలుస్తాయి. మూడు వాయిదాలుగా "బత్తా (సమన్లు పంపడానికి కట్టే రుసుము) కట్టలేదు" అనే అర్థంలో ఒకే మాట కనపడుతోందంటే కేసు అంగుళం కదల్లేదన్నమాట. చెక్కు కేసులో సమన్ల బత్తా సకాలంలో కట్టకపోతే ఫిర్యాదు కొట్టేయడానికి కూడా మేజిస్ట్రేటుకు అధికారం ఉంది. ఆ రోజే లాయరుకు ఫోన్ చేయండి. "సార్, పదో తేదీ బత్తా లేదని పడింది, ఎంత పంపాలి, ఫోన్‌పే చేస్తా" అంటే చాలు, పోట్లాట అక్కర్లేదు. లాయర్ల దగ్గర వందల ఫైళ్ళుంటాయి, తన కేసు తనే చదువుకునే కక్షిదారు ఫైలు పైకొస్తుంది.

సమన్లు అందకపోవడం చెక్కు కేసులకు పెద్ద జబ్బు. 2025 సెప్టెంబరులో సంజాబిజ్ తారి కేసులో సుప్రీంకోర్టు, సమన్లను ఫిర్యాదుదారు స్వయంగా అందజేసే పద్ధతినీ, ఈమెయిలు, మెసేజింగ్ ద్వారా పంపే పద్ధతినీ వాడమని చెప్పింది. చెక్కు మొత్తాన్ని ముద్దాయి ఆన్‌లైన్‌లోనే కట్టేసే ఏర్పాటు కూడా జిల్లా కోర్టుల్లో ఉండాలంది. కాబట్టి పార్టీ వాడుకలో ఉన్న ఈమెయిలు, వాట్సాప్ నంబరు ఫిర్యాదులోనే రాయించండి.

కోర్టు పేరుతో వచ్చే లింకుల విషయంలో మాత్రం గట్టి జాగ్రత్త కావాలి. కేసు వివరాలంటూ వాట్సాప్‌లో ఏపీకే ఫైలు వస్తే తెరవొద్దు. ముందు ఫీజు కట్టండి, పది రోజుల్లో బాకీ వసూలు చేసి పెడతాం అనే వెబ్‌సైట్లకు మీ బిల్లులు పంపొద్దు. యాప్‌ను ప్లేస్టోర్ నుంచే దించుకోండి.

కేసు నడుస్తుండగా పార్టీ ఇంటికి మనుషుల్ని పంపడం, అతని ఫొటో మార్కెట్ గ్రూపుల్లో పెట్టి ఎగవేతదారు అని రాయడం, ఆడవాళ్ళకు ఫోన్లు చేయడం ఎట్టి పరిస్థితుల్లోనూ వద్దు. బాకీ ఉన్నవాడూ మనలాగే సంసారం ఈదుతున్నవాడే, అతనికి పైనుంచి రావాల్సింది ఆగి ఉండొచ్చు. ఆ పని చేసిన రోజు నుంచి మీరు ఫిర్యాదుదారు స్థానం నుంచి ముద్దాయి స్థానంలోకి వెళ్తారు, అతని లాయరు కోరుకునేదీ అదే.

ఆరో పని: డబ్బు వచ్చాక ఫైలు మూయడం

రాజీ కుదిరితే వాయిదాలు, తేదీలు, ఒక్కటి తప్పితే ఏం జరగాలన్నది కాగితం మీద రాసుకుని, ఆ కాగితాన్ని కోర్టులోనో లోక్ అదాలత్‌లోనో రికార్డు చేయించండి. బయట రాసుకుని కేసు వెనక్కి తీసుకుంటే, రెండో వాయిదాకే పార్టీ కనపడకుండా పోయిన సందర్భాలు గుంటూరు పట్నం బజారులో ఎవర్ని అడిగినా చెబుతారు. డబ్బు బ్యాంకు ద్వారానే తీసుకోండి, నోట్ల కట్టలొద్దు.

డిక్రీ వచ్చి డబ్బు రాకపోతే అమలు పిటిషను, అందరూ ఈపీ అనేది, విడిగా వేయాలి. డిక్రీ అమలుకు పన్నెండేళ్ళ గడువుంది గానీ, ఆస్తులు చేతులు మారకముందే వేయడం మంచిది. దానికీ వేరే సీఎన్ఆర్ వస్తుంది, పట్టీలో కొత్త వరస తెరవండి. పార్టీ బ్యాంకు ఖాతా వివరాలు మీ దగ్గర అతను పంపిన పాత చెక్కుల మీద, ఆర్‌టీజీఎస్ ఎంట్రీల్లో ఉంటాయి. ఈపీలో అటాచ్‌మెంటు అడగడానికి అవే పనికొస్తాయి, అందుకని ఆ పాత చెక్కుల జిరాక్సులు ఫోల్డరులో ఉంచుకోండి.

డబ్బంతా అందాక, డిక్రీ పూర్తిగా చెల్లిపోయినట్టు కోర్టులో నమోదు చేయించి, చెక్కు కేసైతే రాజీ మెమో వేసి, పోర్టల్‌లో దరఖాస్తు ఉంటే అక్కడా ముగింపు నమోదు చేయండి. చివరి ఉత్తర్వు యాప్‌లో కనపడగానే దించుకుని, బాకీ తీరినట్టు పార్టీకి రసీదు ఇచ్చి, అతని అసలు చెక్కో ప్రోనోటో మీ దగ్గరుంటే చెల్లు రాసి తిరిగి ఇచ్చేయండి.